ముందు లోతు, ఆ తర్వాతే ఫ్లై

ఫ్లై ఫిషింగ్ నేర్చుకోవాలనుకునే ఐటీ ఉద్యోగి మొదట చేసే పని ఆన్‌లైన్‌లో ఫ్లైల డబ్బా ఒకటి తెప్పించుకోవడం. డబ్బా నిండా గడులు, గడికో బుల్లి పురుగు. ఈకలు, ఊలు, మెరుపు దారాలతో కట్టినవి, చూడముచ్చటగా ఉంటాయి. చిక్కేమిటంటే వాటిలో చాలాభాగం ఇంగ్లండులోనో అమెరికాలోనో చల్లటి ఏర్లలో ట్రౌట్ చేప తినే పురుగులకు నకళ్లు. హైదరాబాద్‌లో రాయదుర్గం మెట్రో దిగి దుర్గం చెరువు వైపు వెళ్లినా, పాత ముంబై రోడ్డు పక్కనున్న మల్కం చెరువు వైపు వెళ్లినా అక్కడ ట్రౌటూ ఉండదు, ఆ పురుగులూ ఉండవు, ఆ నీరూ కాదు. మరి డబ్బాలోంచి ఏది తీసి కట్టాలి? ఈ ప్రశ్న అడగవలసిందే, కానీ మొదట కాదు. చెరువులో ముందు తేల్చుకోవలసింది లోతు, తర్వాత లాగే వేగం, ఆపైన సైజు. రంగు, రకం అన్నిటికంటే చివర. అంతేకాదు, మన చెరువుల్లో లోతు లెక్క విదేశీ పుస్తకాలు చెప్పేదానికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. నా వాదన అంతా దీని చుట్టూనే.

మామూలు గాలంలో సీసపు గుండో ఎరో బరువునిస్తుంది, ఆ బరువు దారాన్ని దూరం లాక్కుపోతుంది. ఫ్లైకి బరువుండదు, అందుకే బరువును దారానికే ఇచ్చారు. ప్లాస్టిక్ పూత పూసిన లావుపాటి లైను కర్ర వంపుతో వెనక్కీ ముందుకీ ఊగి, కొసనున్న ఫ్లైని నీటి మీద దించుతుంది. ఆరో నంబరు లైనంటే మొదటి 30 అడుగుల బరువు పది గ్రాములకు కాస్త ఎక్కువ, ఎనిమిదో నంబరైతే పదమూడున్నర గ్రాములు. ఈ విద్యకు శాస్త్రం రాసినవాళ్లు ఎక్కువగా ఏటి మనుషులు. 1886లో ఫ్రెడరిక్ హాల్‌ఫర్డ్ తేలే ఫ్లైల మీద పుస్తకం రాశాడు. 1910లో స్క్యూస్ నీటి లోపలి పురుగుల పక్షం వహించి మరో పుస్తకం రాశాడు. ఇద్దరి తగవూ పారే నీటిదే. ఏట్లో చేప ఒకచోట నిలబడుతుంది, తిండి దాని ముందుకు కొట్టుకొస్తుంది. అలాంటప్పుడు కొట్టుకొచ్చేది ఏ పురుగన్నదే పెద్ద ప్రశ్న అవుతుంది. నిలవ నీటిలో ఇది తారుమారు. అక్కడ తిండి ఒకచోట ఉంటుంది, చేపే తిరుగుతూ వెతుక్కుంటుంది. బ్రిస్టల్ దగ్గర బ్లాగ్డన్ జలాశయంలో 1904లో గాలాలకు అనుమతి ఇచ్చిన తర్వాతి దశాబ్దాల్లో నిలవ నీటి వేటకు వేరే లెక్క కావాలని అక్కడివాళ్లకు క్రమంగా తెలిసివచ్చింది. చేప ఏ ఎత్తులో తిరుగుతోందో కనిపెట్టి ఫ్లైని ఆ ఎత్తులో ఉంచడం ఆ లెక్కలో మొదటి మెట్టు.

ఆ లెక్కలోంచి పుట్టిన వేసవి సలహా ఒకటుంది. ఎండ ముదిరితే చేప లోతుకు దిగుతుంది, మునిగే లైను వేసి అడుగుకు వెళ్లమని. చల్లగా, లోతుగా, శుభ్రంగా ఉండే జలాశయానికి అది సరైన మాటే. కానీ సైబరాబాద్ చెరువులకు మురుగు ఇచ్చే ఎరువు దశాబ్దాలుగా అందుతూనే ఉంది. దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు మంచినీళ్లిచ్చిందంటారు. కేబుల్ బ్రిడ్జి తెరిచిన 2020 నాటికి అది మురుగు మళ్లింపులు, గుర్రపు డెక్క తొలగింపులు దాటివచ్చిన చెరువు. నత్రజని, భాస్వరం దండిగా ఉన్న నీటిలో నాచు విపరీతంగా పెరుగుతుంది. పగటిపూట ఆ నాచే ఎండలో ఆక్సిజన్ వదులుతుంది. కానీ చిక్కటి ఆకుపచ్చ నీటిలో వెలుతురు కొద్ది అడుగులు దాటి దిగదు. పైన వేడెక్కిన నీరు తేలిగ్గా ఉండి పైనే ఉండిపోతుంది, గాలి గట్టిగా వీచేదాకా కింది నీటితో కలవదు. అడుగున చచ్చిన నాచు, బురద కుళ్లుతూ ఉన్న కాస్త ఆక్సిజన్‌నూ తినేస్తాయి. దీనికితోడు నీరు వేడెక్కేకొద్దీ అది పట్టి ఉంచగల ఆక్సిజనే తగ్గుతుంది. 15 డిగ్రీల దగ్గర లీటరుకు పది మిల్లీగ్రాములు ఇమిడితే 30 డిగ్రీల దగ్గర ఏడున్నరే. ఇవన్నీ కలిపి చూస్తే వేసవిలో మన చెరువు చేపకు అడుగుకు దిగే వీలే లేదు. పై నీటిలోనే తిరుగుతుంది. అక్కడ బరువైన లైను వేసి అడుగుకు ఫ్లై పంపడం ఖాళీ ఇంటి తలుపు తట్టడమే.

పైనే తిరుగుతాయంటే తెల్లవారుజామున వెళ్తే సరిపోతుందిగా, అప్పుడు నీటి మీదే కనిపిస్తాయిగా అని ఎవరైనా అడగవచ్చు. నిజమే, ఆ వేళ చెరువు గట్టున నడకకు వచ్చినవాళ్లకు చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తూ కనిపిస్తాయి. ఆడుకుంటున్నాయని మురిసిపోయేవాళ్లూ ఉన్నారు. అవి ఊపిరాడక వచ్చినవి. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచు రాత్రంతా తనూ ఆక్సిజన్ వాడుకుంటుంది, చేపలూ బురదలోని సూక్ష్మజీవులూ వాడుకుంటాయి, తయారుచేసేవాళ్లు ఎవరూ ఉండరు. సూర్యోదయానికి ముందు నిల్వ అట్టడుగుకు చేరుతుంది. ఊపిరికే కొట్టుకుంటున్న చేప మేత ముట్టదు. ముట్టినా దాన్ని ఆ స్థితిలో గాలంతో గుంజి అలిసిపోయేలా చేస్తే, వదిలేసినా బతకడం కష్టం. పుస్తకాల్లో పొగిడే తెల్లవారుజాము ఇక్కడ వేటకు పనికిరాదు. మధ్యాహ్నం దాటాక, ముఖ్యంగా సాయంత్రం, ఎండ తగినంత పడిన రోజున ఆక్సిజన్ నిండుగా ఉంటుంది. రెండు రోజులు మబ్బు పట్టి, తొలకరి వాన రోడ్ల మీది చెత్తనంతా చెరువులోకి తోసిందంటే మాత్రం సాయంత్రమైనా కర్ర బయటకు తీయకపోవడం మేలు. హైదరాబాద్ చెరువుల్లో చేపలు గుట్టలుగా చచ్చి తేలేది చాలాసార్లు అలాంటప్పుడే.

సాయంత్రం మంచిదనడానికి ఇంకో కారణం తిండి. పొద్దుగూకే వేళకు వాకింగ్ ట్రాక్ దీపాల చుట్టూ గుంపులు గుంపులుగా ముసిరే సన్నటి పురుగుల్ని అందరూ దోమలనే అనుకుని విసుక్కుంటారు. వాటిలో పెద్ద భాగం కైరోనమిడ్లు. దోమలాగే ఉంటాయి కానీ కుట్టవు. వీటి లార్వాలే అక్వేరియం దుకాణాల్లో బ్లడ్‌వార్మ్ పేరుతో అమ్మే ఎర్ర పురుగులు. మనిషి రక్తంలో ఉండే హిమోగ్లోబిన్ లాంటిదే వాటి ఒంట్లోనూ ఉంటుంది కాబట్టి, మిగతా పురుగులు చచ్చిపోయే ఆక్సిజన్ లేని బురదలో కూడా ఇవి నెగ్గుకొస్తాయి. మురుగు కలిసిన చెరువు అడుగున వీటి సంఖ్యకు అంతుండదు. రెక్కలు రావాలంటే మాత్రం ప్యూపా అడుగు వదిలి నీటి పైపొర దాకా ఎక్కి, అక్కడ కాసేపు వేలాడి, పెంకు చీల్చుకుని ఎగరాలి. ఇంగ్లండులో దీనికి రుతువులున్నాయి. మన వేడికి తరం మూడు వారాల లోపే ముగుస్తుంది కాబట్టి ఏడాది పొడవునా జరుగుతూనే ఉంటుంది. చేప దిగలేని అడుగు నుంచి తిండే చేప ఉన్న పై అంతస్తుకు సాయంత్రమయ్యేసరికి నడిచొస్తోందన్నమాట. లోతు సంగతి తేలాక ఫ్లై సంగతి దానంతటదే తేలిపోయింది. కట్టవలసింది అడుగున ఉండే ఎర్ర లార్వాను కాదు, పైకెక్కే నల్ల ప్యూపాను.

అది కట్టడం కష్టమేమీ కాదు. 12 లేదా 14 నంబరు ముల్లు తీసుకుని, దాని కొక్కెపు ముళ్లను పట్టకారుతో నొక్కి నున్నగా చేసేయాలి. కన్ను దగ్గర మొదలుపెట్టి నల్ల పట్టుదారాన్ని ఒంటి పొరగా, ఒరుసుకుంటూ, వంపు సగం దాకా చుట్టాలి. చినిగిన పట్టుచీర అంచులోంచి లాగిన ఒక్క జరీ పోగును దాని మీద ఎడంగా నాలుగైదు చుట్లు వేస్తే ప్యూపా ఒంటి కణుపులు వచ్చేస్తాయి. కన్ను వెనక దారం మరో పది చుట్లు పడితే ఉబ్బెత్తు మెడ. తలదగ్గర రెండు తెల్ల ఊలు పోగుల్ని బియ్యపు గింజలో సగం పొడవుంచి కత్తిరిస్తే అవి ఊపిరి కుచ్చులు. పైన రంగులేని గోళ్ల పాలిష్ రెండు పూతలు. నున్నగా గాజులా ఆరిన ఆ ఫ్లై నీటిలో చప్పున జారి, నిట్టనిలువుగా వేలాడుతుంది. ఈకలతో పనే లేదు. పాత ఇంగ్లిష్ ఫ్లైలకు అంత పేరు తెచ్చిన అడవికోడి మెడ ఈకలు మన దేశపువే. ఆ పక్షికి 1972 వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, దాని జోలికి పోకపోవడమే సరి.

ఇక వేసే తీరు. తేలే లైను, పది పన్నెండు అడుగుల సన్నటి నైలాన్ లీడర్, దాని కొసన ఈ ప్యూపా. రెండడుగుల పైన చిన్న బెండు కట్టుకుంటే లోతు అదుపులో ఉంటుంది. బెండంటే చిన్నతనంగా భావించేవాళ్లు అది లేకుండా లెక్కపెట్టుకోవచ్చు. ఫ్లై నీట పడ్డాక మనసులో ఐదు లెక్కించి లాగడం, మరోసారి పది, మరోసారి పదిహేను. తగిలిన అంకెను గుర్తుంచుకుంటే ఆ పూటకు చేపల ఎత్తు దొరికినట్టే. లాగడం గురించి ఒక్క మాట చాలు, నెమ్మది. ప్యూపాకు ఈదే శక్తి ఉండదు, మెలికలు తిరుగుతూ అంగుళం అంగుళం ఎక్కుతుంది. అరచేతిలో లైనును ఎనిమిది అంకెలా చుట్టుకుంటూ దగ్గరకు తెచ్చుకుంటే ఆ వేగం వస్తుంది. అడుగు అడుగున గుంజితే ఎంత అచ్చుగుద్దినట్టు కట్టిన ఫ్లై అయినా దొంగ పురుగని చేపకు తెలిసిపోతుంది. గాలినీ చూడాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా పడమటి గాలులు కాబట్టి తేలే తిండి తూర్పు గట్టుకు చేరుతుంది, ఆ గట్టునే అలలు కొట్టుకుని నీటిలో గాలి కలుస్తుంది. తేలే చెత్తా అక్కడికే వస్తుంది, అది వేరే బాధ. ఎదురుగాలికి లైను విసరడం కష్టమని వెనక్కి తిరిగి సుఖమైన గట్టు చూసుకున్నవాడు చేపలు లేని వైపు ఎంచుకున్నట్టే.

రంగుకు ఇంత తక్కువ చోటివ్వడాన్ని అనుభవమున్న వేటగాళ్లు ఒప్పుకోరు. ఎర్ర ఫ్లైకి పడినట్టు దేనికీ పడవని ఒకరు, పసుపుదే అదృష్టమని ఇంకొకరు అంటారు. వాళ్ల అనుభవాన్ని కొట్టిపారేయలేం, కానీ నీటిలో వెలుతురు చేసే పని వేరు. స్వచ్ఛమైన నీటిలోనే ఎరుపు అన్నిటికంటే ముందు మాయమవుతుంది. నాచు నీరు ఎరుపునూ నీలాన్నీ తనే మింగేసి ఆకుపచ్చను మిగులుస్తుంది. మూడడుగుల లోతున ఎర్ర ఫ్లై చేపకు బూడిదరంగు మచ్చ. కింది నుంచి పైకి చూసే చేపకు వెలుగున్న ఆకాశం మీద కనిపించేది ఆకారం, ఆకారాన్ని గట్టిగా చూపేది నలుపు. ఎరుపు పనిచేసేచోటు ఒకటుంది. గట్టు వెంబడి అడుగున్నర లోతు నీటిలో, గాలి కలుస్తుంది కనుక లార్వాలున్న బురద దాకా చేప రాగలిగేచోట. ఎర్ర ఫ్లై అభిమానుల విజయాలు ఎక్కువగా అక్కడివే అయివుంటాయని నా ఊహ. అక్కడా రంగును గెలిపించింది లోతే.

ఇంకా బరువైన అభ్యంతరం వేరే ఉంది. మన చెరువుల్లో ఉండేవి బొచ్చె, రవ్వ, జిలేబి, కొర్రమీను. బొచ్చె నీటిలోని సూక్ష్మజీవుల్ని మొప్పల్లో వడకట్టుకుని తింటుంది, రవ్వ నాచూ కుళ్లిన ఆకులూ మేస్తుంది. ఇవి పురుగును వేటాడేవే కావు, వీటికి ఫ్లై ఏమిటని. బొచ్చె విషయంలో ఈ మాటకు చాలావరకు తలొగ్గాలి. రవ్వ విషయంలో మాత్రం నగరమే కొత్త అలవాటు నేర్పింది. పార్కుగా మారిన చెరువుల దగ్గర జనం బ్రెడ్డు ముక్కలు, మరమరాలు విసురుతారు. మరమరాలు తేలినచోట నోళ్లు గుండ్రంగా తెరుచుకుని వరసగా కదులుతుంటే, తెల్ల ఫోమును మరమరాల గింజంత కోసి పదో నంబరు ముల్లుకు కట్టి వాటి మధ్య కదలకుండా ఉంచితే అందుకుంటాయి. సంప్రదాయవాదులు దీన్ని ఫ్లై అనరు. చేప ఏది తింటోందో దాన్ని చూసి కట్టమన్నదే సంప్రదాయమైతే ఇంతకంటే సంప్రదాయం ఇంకోటి లేదు. జిలేబి చేప అయితే ఈ విద్యకు బాగా లొంగుతుంది. 1952లో మన దేశానికి తెచ్చిన ఈ జాతి నాచుతోపాటు కైరోనమిడ్లనూ వదలదు. గట్టు పక్క గుంటలు తవ్వుకుని కాపలా కాసే మగది ఆకలి లేకపోయినా దగ్గరకొచ్చినదాన్ని కొరుకుతుంది. నోట్లో గుడ్లూ పిల్లలూ పెట్టుకున్న ఆడది మాత్రం దాదాపు ఏమీ ముట్టదు. పక్కపక్కనే ఉన్న రెండు చేపల్లో ఒకటి పడి మరొకటి పడకపోతే ఫ్లై మార్చుకుంటూ కూర్చోనక్కర్లేదు. ఇక ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ చాలాచోట్ల ఉంది, అది ముఖ్యంగా వాసన పట్టి తినేది. దానికి ఫ్లై దండగ.

కొర్రమీను పైన చెప్పిన నియమానికి లొంగనట్టు కనిపిస్తుంది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన ఈ చేప గుర్రపు డెక్క కింద, బురద ఒడ్డున, మిగతా చేపలన్నీ పారిపోయే నీటిలో హాయిగా ఉంటుంది. కారణం ఇది గాలి పీల్చే చేప. నీటిలో ఆక్సిజన్ ఉన్నా లేకపోయినా కొద్ది నిమిషాలకోసారి పైకొచ్చి గుటక వేసుకుపోవలసిందే, రానివ్వకపోతే చచ్చిపోతుంది. దీని లోతును ఆక్సిజన్ శాసించదు, ఆ గుటక శాసిస్తుంది. నీటి మీద టప్పున చప్పుడై వలయం లేచిందంటే అది ఉన్న చోటు తెలిసిపోయినట్టే. పై నుంచే కొట్టే అలవాటుంది కనుక ఫోము తలతో, రబ్బరు కాళ్లతో కప్పలా కట్టిన పాపర్ దీనికి సరైనది. ముల్లు ఆకులకు తగలకుండా అడ్డంగా గట్టి నైలాన్ మెలిక, ఎనిమిదో నంబరు కర్ర, పళ్లకు తెగని లావుపాటి కొస దారం. వలయానికి అడుగు అవతల పాపర్‌ను దించి, అలలు సద్దుమణిగేదాకా ఆగి, ఒక్క కుదుపు, మళ్లీ ఆగడం. నీరు పగిలేలా కొట్టగానే కర్ర ఎత్తాలని చెయ్యి ఉబలాటపడుతుంది. అప్పుడే ఎత్తితే నోటిలోంచి పాపర్ ఊడివస్తుంది. అది తల తిప్పుకుని కిందికి పోయేదాకా ఊపిరి బిగబట్టాలి.

ఇదే మనిషి ఇవే ఫ్లైలతో గండిపేటకు వెళ్తే లెక్క మారుతుంది. 1908 మూసీ వరదల తర్వాత కట్టి 1920లో పూర్తిచేసిన ఆ జలాశయం పరీవాహకాన్ని 1996లో వచ్చిన 111 జీవో పాతికేళ్లకుపైగా నిర్మాణాల నుంచి కాపాడింది. అక్కడ నీరు మరింత తేట, వెలుతురు లోతుకు దిగుతుంది, చేప కూడా దిగగలదు, చిన్న చేపల్ని వెంటాడే చేపలకు చూపు ఆనుతుంది. అక్కడ సెకనుకు అంగుళమున్నర మునిగే లైనుకూ, పరక పిల్లలా మెరిసే సన్నటి ఫ్లైకీ పనుంటుంది. పదిహేను కిలోమీటర్ల తేడాలో రెండు పెట్టెలు కావాలి. ఫ్లైల డబ్బా కొనేముందు నీరు చూడమనడం అందుకే.

ఇంత తతంగం ఎందుకు, వానపామో పిండిముద్దో పెడితే చేప పడదా అంటే, పడుతుంది. ఇంకా తొందరగా పడుతుంది. కూరకోసమైతే అదే దారి, కానీ మురుగు చెరువు చేపను కూరకు వాడకపోవడమే క్షేమం. పట్టి వదిలేయడానికే అయితే ఫ్లైకి రెండు లాభాలున్నాయి. ఎరను చేప మింగేస్తుంది, ముల్లు గొంతులోనో కడుపులోనో దిగి వదిలినా చచ్చే ప్రమాదం ఎక్కువ. ఫ్లై చాలావరకు పెదవికే గుచ్చుకుంటుంది. రెండోది, చేపల్ని పోగుచేయడానికి కిలోలకొద్దీ విసిరే పిండీ తవుడూ మళ్లీ నాచుకే ఎరువవుతాయి. వినోదంకోసం ఒక ప్రాణిని బాధించడం ఏం న్యాయమన్న ప్రశ్నకు మాత్రం ఈ రెండూ పూర్తి జవాబు కావు. బాధను తగ్గించగలం, లేకుండా చేయలేం. దాన్ని ఒప్పుకోలేనివాళ్లు ఈ సరదాకు దూరంగా ఉండటమే నిజాయితీ.

ఇది దొరల ఆటే కదా అన్నవాళ్లూ ఉంటారు. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెచ్.ఎస్. థామస్ 1873లో భారతదేశపు గాలం వేట మీదా, 1887లో ప్రత్యేకంగా మన చెరువుల గాలాల మీదా పుస్తకాలు వేశాడన్నది నిజమే. నాకు దొరల పేరుకంటే పెద్ద అభ్యంతరంగా కనిపించేది హక్కుల సంగతి. చెరువు చేప ఎవరిదీ కాని సొత్తు కాదు. తెలంగాణలో చెరువుల చేపలవేట మత్స్యకార సహకార సంఘాల బతుకుదెరువు, ముదిరాజ్, గంగపుత్రుల కుటుంబాలు దాని మీద ఆధారపడ్డాయి. ప్రభుత్వం 2016 నుంచి ఉచితంగా పంచిన చేపపిల్లలు వదిలింది వాళ్ల పేరునే. సంఘాన్నీ, చెరువును చూసుకునే శాఖనూ అడగకుండా గట్టున కర్ర విప్పేవాడి దగ్గర ఎంత ఖరీదైన రీలున్నా అది దొంగవేటే. కర్రకింత అని సంఘం రుసుం పెట్టుకుంటే, వదిలేసిన చేప మళ్లీ వాళ్లకే మిగులుతుంది కనుక ఇద్దరికీ నష్టం లేదు. మృగశిర కార్తె ముందు రోజుల్లో అనుమతి దొరకదు, దొరక్కపోవడమే సబబు, వాళ్ల ఏడాది బేరం అప్పుడే. ఆ తర్వాత వానలు పడి చెరువు మత్తడి దుంకే నెలల్లో కొర్రమీను జంటలు నారింజ రంగు పిల్లల గుంపును కాపలా కాస్తుంటాయి. గుంపు దగ్గర పాపర్ పడితే తల్లో తండ్రో తప్పకుండా కొడుతుంది. దాన్ని పైకి లాగి వదిలే ఆ కాసేపట్లో జిలేబులు పిల్లల్ని మింగేస్తాయి. వానాకాలమంతా పాపర్లు పెట్టెలోనే ఉంచి, తూర్పు గట్టున నల్ల ప్యూపాతో సరిపెట్టుకోవాలి.